ఎముకలు విప్పిన వంశావళి

పిల్లలూ! ఐదువందల ఏళ్ళకు పైబడిన మాట. ఇంగ్లండు దేశాన్ని మూడవ రిచర్డు అనే రాజు ఏలుతూ ఉండేవాడు. ఆయన గద్దె ఎక్కింది 1483లో. రెండేళ్ళు తిరిగేసరికల్లా హెన్రీ ట్యూడర్ అనేవాడు సైన్యాన్ని వెంటబెట్టుకుని ఆయన మీదికి వచ్చాడు. 1485 ఆగస్టు 22న బాస్‌వర్త్ అనే చోట ఇద్దరికీ ఘోరమైన యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో రిచర్డు చనిపోయాడు. అప్పటికి ఆయన వయస్సు 32 ఏళ్ళు మాత్రమే.

గెలిచినవాడు రాజయ్యాడు. ఓడినవాడి శవాన్ని దగ్గరలో ఉన్న లెస్టర్ పట్నానికి తీసుకుపోయి, అక్కడి సన్యాసుల మఠంలో, ఏ ఆర్భాటమూ లేకుండా పాతిపెట్టారు. యాభై ఏళ్ళ తరవాత ఆ మఠమే మూతపడింది. గోడలు కూలిపోయాయి. వాటి మీద కొత్త ఇళ్ళూ, తోటలూ, వీధులూ వచ్చాయి. రాజు సమాధి ఎక్కడ ఉన్నదీ జనం మరిచిపోయారు. ఎముకలను ఎవరో తవ్వి ఏటిలో పారేశారని ఒక పుకారు కూడా పుట్టింది.

2012 ఆగస్టులో లెస్టర్ విశ్వవిద్యాలయంవారు పాత పటాలు చూసి, లెక్కలు వేసి, ఆ మఠం ఉండిన చోటు ఫలానా అని గుర్తించారు. అప్పుడు అక్కడ ఏముండేదో తెలుసా? మోటారు కార్లు నిలుపుకునే స్థలం! తవ్వకం మొదలుపెట్టిన మొదటి రోజునే రెండు కాలి ఎముకలు కనిపించాయి. కొద్ది రోజులలో పాదాలు తప్ప తక్కిన అస్థిపంజరమంతా బయటపడింది. దాని వెన్నెముక పాములాగా వంకర తిరిగి ఉన్నది. చనిపోయే సమయాన తగిలిన గాయాలు 11 ఉన్నాయి. అందులో 9 తలకు తగిలినవే.

రిచర్డు రాజుకు ఒక భుజం ఎత్తుగా ఉండేదని ఆ కాలంవారు రాసిపెట్టారు. ఆయన యుద్ధంలో చచ్చాడన్నదీ నిజమే. కాని యుద్ధాలలో చచ్చినవాళ్ళు ఎందరో! వంకర నడుము గలవాళ్ళు ఇంకెందరో! ఈ ఎముకలు రాజువే అని ఎవరు సాక్ష్యం చెప్పగలరు? ఆయనను ఎరిగినవాళ్ళెవరూ ఇప్పుడు లేరే!

సాక్ష్యం చెప్పినవాడు ఒకడున్నాడు. అతను లండను నగరంలో కొయ్యసామాను చేసుకునే ఒక పనివాడు. రాజు చచ్చిన నాలుగువందల ఏళ్ళకు పైన పుట్టినవాడు. అతను నోరు విప్పి ఒక్క మాట కూడా చెప్పనక్కర లేకపోయింది. తన ఉమ్మి కాస్త ఇచ్చాడు, అంతే! ఇది ఎలా సాధ్యమైందో తెలియాలంటే ముందు మన ఒంట్లో ఉన్న ఒక పుస్తకాన్ని గురించి తెలుసుకోవాలి.

ఒంట్లో ఉన్న పుస్తకం

మన శరీరం కోటానుకోట్ల జీవకణాలతో తయారయింది. దాదాపు ప్రతి కణంలోనూ డి.ఎన్.ఏ. అనే సన్నని దారం ఉంటుంది. ఈ దారం ఒక పుస్తకం వంటిది. అందులో అక్షరాలు నాలుగే నాలుగు: ఎ, సి, జి, టి. మన తెలుగులో యాభైకి పైగా అక్షరాలున్నాయి గనక ఈ నాలుగింటితో ఏం రాయగలరని మీకు అనిపించవచ్చు. కాని ఆ నాలుగే రకరకాల వరసలలో మూడువందల కోట్ల సార్లు వస్తాయి. కళ్ళ రంగు, జుట్టు తీరు, ఎత్తు, పొట్టి, ఇలాంటి సంగతులు చాలా ఆ పుస్తకంలో రాసి ఉంటాయి.

ఈ దారం 23 జతల పోగులుగా, అంటే 46 క్రోమోజోములుగా ఉంటుంది. జతలో ఒకటి అమ్మ ఇచ్చినది, ఒకటి నాన్న ఇచ్చినది. ఐతే అమ్మ తనకు తన తల్లిదండ్రులు ఇచ్చినదాన్ని ఉన్నది ఉన్నట్టుగా మీకు ఇవ్వలేదు. ఎర్ర పూసల దండ ఒకటి, పచ్చ పూసల దండ ఒకటి తీసుకుని, రెంటినీ అక్కడక్కడా తుంచి, ముక్కలు మార్చి ముడివేస్తే ఎలా ఉంటుంది? అలా కలిపిన దండను మీకు ఇచ్చింది. నాన్నా అలాగే చేశాడు. ప్రతి తరంలోనూ ఈ తుంచటం, ముడివేయటం జరుగుతుంది. అందుచేత పది తరాలు గడిచాక ఏ పూస ఎవరిదో చెప్పటం మహా కష్టం.

కాని ఇలా కలగాపులగం కాకుండా వచ్చేవి రెండున్నాయి. వంశావళి వెతికేవాళ్ళకు ఆ రెండే దారి చూపే దీపాలు.

మొదటిది మైటోకాండ్రియాలోది. మైటోకాండ్రియా అంటే కణంలో ఉండే పొయ్యి అనుకోండి. మనం తిన్న అన్నం నుంచి శక్తిని తయారుచేసేది అదే. దానికి సొంతంగా ఒక చిన్న డి.ఎన్.ఏ. ఉన్నది. అది గాజులాగా గుండ్రంగా ఉంటుంది. అందులో ఉన్న అక్షరాలు 16,569. దీన్ని తల్లి మాత్రమే బిడ్డలకు ఇస్తుంది. ఆడపిల్లకూ ఇస్తుంది, మగపిల్లవాడికీ ఇస్తుంది. కాని మగవాడు దాన్ని తన పిల్లలకు ఇవ్వలేడు. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి, ఆమె తల్లి, ఇలా ఒకే గాజు చేతులు మారుతూ వస్తుందన్న మాట.

రెండవది వై-క్రోమోజోము. ఇది మగవాళ్ళకే ఉంటుంది. తండ్రి నుంచి కొడుకుకు, కొడుకు నుంచి మనవడికి వస్తుంది. మన ఇంటిపేరు కూడా అలాగే గదా వస్తుంది!

రాతప్పులే ఆనవాళ్ళు

గాజు మారకుండా వస్తే లోకంలో అందరి గాజులూ ఒకే తీరుగా ఉండాలి గదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే.

అచ్చు యంత్రాలు లేని రోజులలో మనవాళ్ళు కావ్యాలను తాటాకుల మీద గంటంతో రాసేవారు. ఒక ప్రతిని చూసి మరొక ప్రతి, దాన్ని చూసి ఇంకొకటి. ఎంత జాగ్రత్తగా రాసినా ఎక్కడో ఒక అక్షరం తప్పుపడేది. ఆ ప్రతిని చూసి రాసేవాడు ఆ తప్పును కూడా అలాగే దించేవాడు. పైగా తనది మరొకటి చేర్చేవాడు. పోయిన శతాబ్దానికి ముందు శతాబ్దంలో సి. పి. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒకే గ్రంథానికి అనేక ప్రతులు తెప్పించి పోల్పించాడు. ఒకే తప్పు నాలుగు ప్రతులలో కనిపిస్తే ఏమిటి అర్థం? ఆ నాలుగింటికీ మూలమైన ప్రతి ఒకటున్నదన్న మాట. ఆ తప్పు మొదట అందులో పడింది.

డి.ఎన్.ఏ. కూడా ఇంతే. ఒక తరం నుంచి మరొక తరానికి నకలు రాసేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం మారుతుంది. చాలాసార్లు దానివల్ల మంచీ ఉండదు, చెడ్డా ఉండదు. కాని ఆ మార్పు వచ్చిన స్త్రీకి పుట్టిన కూతుళ్ళు, వాళ్ళ కూతుళ్ళు, అందరూ ఆ ఆనవాలును మోసుకుంటూ పోతారు. ఇలా ఒకే ఆనవాలు గలవాళ్ళనందరినీ ఒక గుంపుగా లెక్కిస్తారు. దానికే హాప్లోగ్రూపు అని పేరు. గ్రీకు భాషలో "హాప్లో" అంటే ఒంటరిది, జతలేనిది అని అర్థం. జత కలవకుండా ఒక్క దారినే వచ్చేది గనక ఆ పేరు పెట్టారు.

ఒక మర్రిచెట్టును తలుచుకోండి. మొదట మాను, తరవాత పెద్ద కొమ్మలు, రెమ్మలు, చివరికి ఆకులు. మనమంతా ఆకులం. హాప్లోగ్రూపు అంటే మన ఆకు ఏ కొమ్మకు చెందినదో చెప్పే చీటీ. పెద్ద కొమ్మలకు ఇంగ్లీషు అక్షరాలు పేర్లుగా పెట్టారు. దాని మీది చిన్న కొమ్మకు ఒక అంకె, దాని మీది రెమ్మకు మళ్ళీ ఒక అక్షరం. "జె1సి2సి" అని ఉంటే భయపడకండి. జె అనే కొమ్మ, దాని మీద 1 అనే పిల్లకొమ్మ, దాని మీద సి, ఇలా చదువుకుంటూ పోవాలి. జిల్లా, తాలూకా, ఊరు, వీధి, ఇంటి నంబరు వరసగా రాసినట్టే ఇదీను.

తల్లివైపు చెట్టుకు మొదలు ఆఫ్రికాలో ఉన్నది. 1987లో అమెరికాలో ఎలన్ విల్సన్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన శిష్యులూ ఈ సంగతి బయటపెట్టారు. ఇప్పుడు బతికి ఉన్న మనుషులందరి గాజులనూ వెనక్కు చూసుకుంటూ పోతే సుమారు లక్షన్నర, రెండు లక్షల ఏళ్ళ కిందట ఆఫ్రికాలో ఉన్న ఒక స్త్రీ దగ్గరికి చేరుతాయి. అప్పట్లో ఆమె ఒక్కతే ఉన్నదని కాదు సుమా! ఇంకా ఎందరో స్త్రీలు ఉండేవాళ్ళు. కాని వాళ్ళ దారులు ఎక్కడో ఒక చోట కొడుకులతోనో, పిల్లలు లేకనో ఆగిపోయాయి.

ఇక్కడ పెద్దవాళ్ళు కూడా పొరపడే విషయం ఒకటుంది. తల్లివైపు చెట్టు వేరు, తండ్రివైపు చెట్టు వేరు. రెండింటికీ విడివిడిగా అక్షరాలు పెట్టారు. తల్లివైపు చెట్టులో "హెచ్" గుంపు యూరపులో ఎక్కువ. తండ్రివైపు చెట్టులో "హెచ్" గుంపు మన దేశంలో ఎక్కువ. అక్షరం ఒకటే గాని ఒకదానికీ మరొకదానికీ ఏ సంబంధమూ లేదు. మీ తరగతిలో ఒక రాముడూ, పక్క ఊరి బడిలో ఒక రాముడూ ఉన్నంత మాత్రాన ఇద్దరూ ఒకరవుతారా?

వడ్రంగి చెప్పిన సాక్ష్యం

ఇక మన రాజు దగ్గరికి వద్దాం. రిచర్డు కొడుకు చిన్నతనంలోనే చనిపోయాడు. ఒకవేళ బతికినా తల్లివైపు గాజును రాజు తన పిల్లలకు ఇవ్వలేడు. కాని ఆయనకు ఆన్ అనే అక్క ఉన్నది. ఇద్దరికీ తల్లి ఒక్కతే గనక ఇద్దరి గాజూ ఒక్కటే. ఆన్‌కు కూతురు పుట్టింది, ఆ కూతురికి కూతురు పుట్టింది. ఇలా కూతుళ్ళ దారి ఎక్కడా తెగకుండా ఇప్పటిదాకా వచ్చిందా? జాన్ ఆష్‌డౌన్-హిల్ అనే చరిత్రకారుడు పాత కాగితాలన్నీ వెతికి, ఆ దారి కెనడాలో ఉన్న ఒక ముసలామె వరకూ వచ్చినట్టు 2004లో కనిపెట్టాడు. లండనులో కొయ్యపని చేసుకునేవాడు ఆమె కొడుకే! ఆన్ నుంచి అతను పదిహేడవ తరంవాడు. ఇంకో శాఖలో, అలాగే కూతుళ్ళ దారిన వచ్చిన మరొక స్త్రీ కూడా దొరికింది.

ట్యూరీ కింగ్ అనే శాస్త్రజ్ఞురాలు రాజు పన్ను నుంచీ ఎముక నుంచీ డి.ఎన్.ఏ. తీసింది. ఐదువందల ఏళ్ళు మట్టిలో ఉన్న డి.ఎన్.ఏ. చెదలు తిన్న తాటాకు మాదిరి ముక్కముక్కలై ఉంటుంది. పైగా తవ్వినవాళ్ళ చేతుల నుంచి వాళ్ళ డి.ఎన్.ఏ. వచ్చి అంటుకోవచ్చు. అందుచేత ఒళ్ళంతా ముసుగు వేసుకుని మరీ ఈ పని చేస్తారు. అక్షరాలన్నీ కూర్చి చూస్తే ఏం తేలింది? అస్థిపంజరానిదీ, ఆ పనివాడిదీ మొత్తం 16,569 అక్షరాలూ సరిగ్గా సరిపోయాయి! రెండవ శాఖలోని స్త్రీది ఒకే ఒక అక్షరంలో తేడా వచ్చింది. ఇన్ని తరాలలో ఒక అక్షరం మారటం సహజమే. వాళ్ళ గుంపు జె1సి2సి. అది అరుదైన రెమ్మ. వేల మంది యూరపువాళ్ళ లెక్కలు తిరగవేసినా సరిగ్గా ఆ వరస మరొకరిలో కనిపించలేదు.

అది గనక "హెచ్" వంటి పెద్ద గుంపు ఐ ఉంటే ఈ సాక్ష్యానికి అంత బలం ఉండేది కాదు. యూరపులో పదిమందిలో నలుగురు ఆ గుంపువాళ్ళే గదా! దొంగ ఎర్రచొక్కా వేసుకున్నాడంటే తిరునాళ్ళలో ఎవరిని పట్టుకుంటాం? ఎడమచేతికి ఆరు వేళ్ళున్నాయంటే పట్టుకోవచ్చు.

ఎముకల వయస్సు, గాయాలు, వెన్నెముక వంకర, ఈ డి.ఎన్.ఏ., అన్నీ కలిపి లెక్కవేసి, ఇది మూడవ రిచర్డే అనటానికి 99.999 శాతం ఆధారం ఉన్నదని 2014లో ప్రకటించారు. 2015 మార్చి 26న లెస్టర్‌లోని పెద్ద చర్చిలో రాజుకు తగిన మర్యాదలతో ఆ ఎముకలను సమాధి చేశారు. శవపేటికను తయారుచేసింది ఎవరనుకుంటున్నారు? ఆ వడ్రంగి పనివాడే!

తెగిన లంకె

కథ ఇంతటితో ముగిస్తే బాగానే ఉండేది. కాని శాస్త్రజ్ఞులు తండ్రివైపు దారి కూడా చూశారు. రిచర్డు తాతకు తాత మూడవ ఎడ్వర్డు. ఆ ఎడ్వర్డుకే మరొక కొడుకు ద్వారా, మగదారిన వచ్చినవాళ్ళని పుస్తకాలలో రాసి ఉన్న ఐదుగురు పెద్దమనుషులు ఇప్పుడు ఉన్నారు. అందరి వై-క్రోమోజోములూ రిచర్డుదానితో సరిపోవాలి గదా? సరిపోలేదు! రాజుది జి గుంపు. ఆ ఐదుగురిలో నలుగురిది ఆర్1బి గుంపు. ఐదవ ఆయనది వేరొకటి.

ఏమిటి దీని అర్థం? మధ్యలో ఉన్న తరాలలో ఎక్కడో, పుస్తకంలో తండ్రిగా రాసినవాడు ఒకడు, కన్న తండ్రి వేరొకడు. రిచర్డుకూ ఆ నలుగురి పూర్వీకుడికీ మధ్య పందొమ్మిది లంకెలున్నాయి. ఏ లంకె తెగిందో ఎవరూ చెప్పలేరు. ఐదవ ఆయన విషయంలో ఇంకా ఇటీవలి లంకె ఒకటి తెగింది.

మన ఇళ్ళలో చూడండి. పిల్లలు లేనివారు దత్తత తెచ్చుకుంటారు. దత్తుడికి ఆ ఇంటిపేరు వస్తుంది, ఆ గోత్రం వస్తుంది, ఆస్తి వస్తుంది, అన్నిటికీ మించి ఆ తల్లిదండ్రుల ప్రేమ వస్తుంది. వై-క్రోమోజోము మాత్రం రాదు. మరి అతను ఆ ఇంటి కొడుకు కాకుండా పోయాడా? పెంచి పెద్దచేసినవాళ్ళే అమ్మానాన్నలు. వంశం అన్నది ఒక్క రక్తంతోనే ఏర్పడేది కాదని ఈ రాజుగారి ఎముకలు కూడా చెబుతున్నాయి.

మన దేశం మాట

ఇప్పుడు మీకు మన సంగతి తెలుసుకోవాలని ఉంటుంది. మన దేశంలో తల్లివైపు చూస్తే సగానికి పైగా జనం "ఎం" అనే పెద్ద కొమ్మకు చెందినవాళ్ళు. తండ్రివైపు హెచ్, ఎల్, జె2, ఆర్1ఎ, ఆర్2 వంటి కొమ్మలు చాలా ఉన్నాయి.

ఇందులో ఒక్కొక్క కొమ్మ ఒక్కొక్క కులానిదని ఎవరైనా చెబితే నమ్మకండి. 2003లో శాస్త్రజ్ఞులు ఆంధ్రప్రదేశ్‌లోని చెంచుల, కోయల డి.ఎన్.ఏ.ను మిగతా కులాలవాళ్ళదానితో పోల్చి చూశారు. అడవిలో ఉన్నవాళ్ళకూ, ఊళ్ళలో ఉన్నవాళ్ళకూ చాలావరకు ఒకే పాత మూలాలున్నాయని తేలింది. ఆర్1ఎ అనే గుంపు రష్యా, పోలండులలో చాలా ఎక్కువ. అది మన నల్లమల చెంచులలోనూ కనిపించింది!

హైదరాబాదులో సి.సి.ఎం.బి. అనే గొప్ప పరిశోధనాలయం ఉన్నది. 2009లో అక్కడి లాల్జీ సింగ్, తంగరాజ్ అనే శాస్త్రజ్ఞులు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి, మన దేశంలోని 25 సముదాయాలవారిని పరీక్షించారు. దాదాపు అందరిలోనూ రెండు పురాతన జన సమూహాల పాలు కలిసి ఉన్నది. ఒకరిలో ఒకటి కాస్త ఎక్కువ, మరొకరిలో ఇంకొకటి కాస్త ఎక్కువ, అంతే తేడా. ఈ కలయిక సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా జరిగిందని 2013లో లెక్క కట్టారు. ఆ తరవాత ఎవరి గుంపులో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకోవటం మొదలైంది. ఒకే కుండలో కలిసిన పాలను తరవాత వేరువేరు చెంబులలో పోసుకున్నట్టున్నది మన సంగతి!

ఇంకొక చిత్రం వినండి. యూరపు దేశాలలో రోమా అనే సంచార జాతివారు ఉన్నారు. వాళ్ళ భాషలో నీళ్ళను "పానీ" అంటారు, ముక్కును "నాఖ్" అంటారు, చెవిని "కాన్" అంటారు. హిందీ నేర్చుకున్న పిల్లలు వెంటనే ఉలిక్కిపడతారు! వాళ్ళు మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళేనని భాషాపండితులు ఏనాడో చెప్పారు. ఈనాడు వాళ్ళ మగవారిలో చాలామందికి హెచ్ గుంపులోని ఒక భారతీయ రెమ్మ ఉన్నట్టు తేలింది. వాళ్ళ పూర్వులు సుమారు 1,500 ఏళ్ళ కిందట మన దేశం విడిచారని 2012లో ఒక పరిశోధన చెప్పింది. మాట చెప్పిన సాక్ష్యమూ, డి.ఎన్.ఏ. చెప్పిన సాక్ష్యమూ ఒక్కటయ్యాయి.

పరీక్ష కాగితం చదవటం ఎలా?

మీ మామయ్యో, బాబాయో ఏ అమెరికాలోనో ఉండి ఉమ్మి పరీక్ష చేయించుకున్నాడనుకోండి. వచ్చిన కాగితంలో మామూలుగా మూడు రకాల సంగతులుంటాయి.

ఒకటి, హాప్లోగ్రూపు. ఇది నిక్కమైనదే. కాని ఇది మీ పూర్వీకులందరి కథ కాదు. పలక తీసుకుని లెక్కవేయండి. మీకు తల్లిదండ్రులు ఇద్దరు, తాతలూ అవ్వలూ నలుగురు, ఆ పైన ఎనిమిది మంది, పదహారు మంది. పదవ తరానికి 1,024 చోట్లు, ఇరవయ్యవ తరానికి 10,48,576 చోట్లు! తల్లివైపు గుంపు ఆ పది లక్షల మందిలో ఒక్క స్త్రీని గురించే చెబుతుంది. తండ్రివైపు గుంపు ఒక్క పురుషుణ్ణి గురించే చెబుతుంది. ఒక తలుపు సందులోంచి చూసి ఇల్లంతా చూశామనుకుంటే ఎలా? (మనవైపు మేనరికాలున్నాయి గనక మనుషుల సంఖ్య ఇంకా తగ్గుతుంది. మేనరికం చేసుకున్న దంపతుల బిడ్డకు ముత్తాతలూ ముత్తవ్వలూ ఎనిమిది మందికి బదులు ఆరుగురే ఉంటారు. గీసి చూడండి.) ఆడపిల్లలకు వై-క్రోమోజోము లేదు గనక తండ్రివైపు గుంపు తెలియాలంటే నాన్నో, అన్నదమ్ములో పరీక్ష చేయించుకోవాలి.

రెండు, శాతాలు. ఫలానా ప్రాంతం 60 శాతం, ఫలానాది 15 శాతం అని రంగురంగుల పటం వేసి ఇస్తారు. ఇది కొలత కాదు, అంచనా. తమ దగ్గర ఉన్న మనుషుల జాబితాతో మిమ్మల్ని పోల్చి ఈ లెక్క చెబుతారు. జాబితా మారితే లెక్క మారుతుంది. అందుకే ఒకే మనిషికి రెండు కంపెనీలు రెండు రకాల శాతాలు చెబుతాయి.

మూడు, బంధువుల పేర్లు. దగ్గరి బంధుత్వాన్ని ఇది చాలా బాగా చెబుతుంది. తల్లితో సగం, తోబుట్టువులతో సుమారు సగం, తాతతో సుమారు పావు, పెదనాన్న పిల్లలతో సుమారు పన్నెండున్నర శాతం డి.ఎన్.ఏ. కలుస్తుంది. దూరం పోయేకొద్దీ పట్టు సడలుతుంది.

ఈ కాగితం చెప్పలేనివి కూడా ఉన్నాయి. మీ గోత్రం ఏదో అది చెప్పదు. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని చెప్పదు. ఏ గుంపువాడు తెలివిగలవాడో, ఏ గుంపువాడు ధైర్యవంతుడో అసలు చెప్పదు. జె1సి2సి గుంపులో ఒక రాజు ఉన్నాడు, ఒక వడ్రంగి కూడా ఉన్నాడు. ఏటి మూలమూ ఋషి మూలమూ అడగరాదని మన పెద్దలు ఊరికే అన్నారా?

పెద్దలతో ఒక మాట

అమ్మలారా, నాన్నలారా! ఈ పరీక్ష ఆటవస్తువు కాదు. దీనివల్ల ఎప్పుడో విడిపోయిన తోబుట్టువులు కలుసుకున్న సంగతులున్నాయి. ఇంట్లో ఎవరూ ఎరగని రహస్యాలు బయటపడి మనసులు విరిగిన సంగతులూ ఉన్నాయి. ఒకరు పరీక్ష చేయించుకుంటే వారి అన్నదమ్ముల సంగతీ, పిల్లల సంగతీ సగం బయటపడినట్టే. అందుచేత ఇంట్లో అందరితో చెప్పి, అందరూ సరేనన్నాకే చేయించుకోవాలి. పిల్లలకు మీరు చేయించవద్దు. పెద్దయ్యాక వాళ్ళ ఇష్టం. బిడ్డను దత్తత తీసుకున్నవారు ఆ మాట పరీక్ష కాగితం చెప్పేదాకా ఆగకుండా తామే ప్రేమగా చెప్పటం మేలు.

ఇంకొకటి. అమెరికాలోని ఒక పెద్ద కంపెనీ నుంచి 2023లో 69 లక్షల మంది వివరాలు దొంగల పాలైనాయి. 2025లో ఆ కంపెనీయే దివాలా తీసింది. సంకేతపదం పోతే మార్చుకోవచ్చు. డి.ఎన్.ఏ.ను మార్చుకోలేం గదా!

డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటి నేను చెబుతాను. పిల్లలూ, ఈ సెలవులలో ఒక పెద్ద కాగితం తీసుకుని మీ తాతయ్య దగ్గరా, అమ్మమ్మ దగ్గరా కూర్చోండి. వాళ్ళ తల్లుల పేర్లు అడగండి. మగవాళ్ళ పేర్లు పొలం కాగితాలలో ఉంటాయి. ఆడవాళ్ళ పేర్లు ముసలివాళ్ళ నోట్లోనే ఉంటాయి. మీ అమ్మమ్మకు అమ్మమ్మ పేరు తెలిసినవారు ఇంట్లో ఎందరున్నారో చూడండి. ఇవాళ రాసుకోకపోతే ఆ పేరు ఏ ప్రయోగశాలలోనూ మళ్ళీ దొరకదు.

చెప్పుకోండి చూద్దాం

గోపీ ఇంట్లో మేనరికాలు లేవు. ఈ కింది ఆరుగురిలో గోపీ గాజు, అంటే తల్లివైపు హాప్లోగ్రూపు, తప్పకుండా ఎవరెవరికి ఉంటుంది?

1. గోపీ మేనమామ. 2. గోపీ మేనత్త. 3. పెద్దమ్మ కొడుకు. 4. బాబాయి కూతురు. 5. అమ్మమ్మ అక్క. 6. మేనమామ కూతురు.

జవాబు: 1, 3, 5. మేనమామకు అమ్మమ్మ గాజే వచ్చింది, కాని దాన్ని ఆయన తన కూతురికి ఇవ్వలేడు. అందుకే ఆరవ పేరు లెక్కలోకి రాదు. సరిగ్గా చెప్పినవాళ్ళు ఇంట్లో అమ్మచేత ఇంకొక లడ్డు పెట్టించుకోవచ్చు!